గ్రాములు తూచండి: బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీకి బహిరంగ లేఖ

న్యూఢిల్లీలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ డైరెక్టర్ జనరల్ గారికి, కార్ల ఇంధన నిబంధనలు రూపొందిస్తున్న అధికారులందరికీ నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. 2022 చివర్లో, పెట్రోలు ఇంజన్‌కు తోడు విద్యుత్ మోటారు కూడా ఉండే ఒక హైబ్రిడ్ ఎస్‌యూవీ కొన్నాను. అప్పటికి పదకొండేళ్లుగా నడుపుతున్న చిన్న పెట్రోలు కారు అమ్మేసి, దాచుకున్న డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి కొన్నాను. షోరూము గోడ మీద ఆకుపచ్చ అక్షరాల్లో లీటరుకు దాదాపు 28 కిలోమీటర్లని రాసి ఉంది. ఆ అంకె చూసి, ఇంటిల్లిపాదీ హాయిగా కూర్చునే బండి ఇంత తక్కువ పొగతో నడుస్తుందంటే ఇక ఆలోచించేదేముందని అనుకున్నాను. పర్యావరణం గురించి తరగతిలో చెప్పే మాటకు ఇంట్లో చేసే పని తోడవుతుందని సంతోషించాను.

కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి పెట్రోలు పోయించిన ప్రతిసారీ నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. ట్యాంకు నిండా పోయించడం, మళ్లీ నిండా పోయించేదాకా తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం, అంతే. వానాకాలంలో ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా ట్రాఫిక్‌లో వెళ్లి వస్తే లీటరుకు 23 వచ్చింది. అదే దారి, ఏప్రిల్, మే నెలల్లో ఏసీ వేసుకుని తిరిగితే 19. విజయవాడ హైవే మీద గంటకు వంద దాటిన వేగంతో వెళ్తే 17, 18 మధ్య. మూడేళ్లలో 40,500 కిలోమీటర్లు తిరిగాను. మొత్తం కలిపి సగటు 19.6.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో కూడా తూగదు, అందులోంచి రెండు కిలోలకు పైగా వాయువు ఎలా వస్తుందని ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు. పెట్రోలులోని ప్రతి కార్బన్ పరమాణువూ గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను పట్టుకుపోతుంది. 12 పాళ్ల కార్బన్‌కు 32 పాళ్ల ఆక్సిజన్ తోడై 44 పాళ్ల బరువవుతుంది. మా చిన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువని చదువుకున్నది ఇదే. ఈ లెక్కన, గోడ మీది అంకె నిజమైతే నా కారు కిలోమీటరుకు 82 గ్రాములు వదలాలి. నోటుపుస్తకం ప్రకారం 117 గ్రాములు వదులుతోంది. మూడేళ్లలో నా ఒక్కడి కారు సైలెన్సర్ నుంచి నాలుగు టన్నుల ఏడు వందల కిలోలకు పైగా గాలిలో కలిసింది.

పాత చిన్న కారు నా చేతిలో లీటరుకు 17.5 ఇచ్చేది, అంటే కిలోమీటరుకు 131 గ్రాములు. కాబట్టి కొత్త కారు మెరుగే. కిలోమీటరుకు 14 గ్రాములు తగ్గింది. కానీ పాత కారులో ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరిగేవాడిని, ఇప్పుడు 13,500 తిరుగుతున్నాను. అమ్మానాన్నలను చూడటానికి విజయవాడకు ఆర్టీసీ బస్సులో వెళ్లేవాడిని. కొత్త కారులో నడుము నొప్పి లేదు, పైగా హైబ్రిడ్ కాబట్టి తప్పేమీ లేదనే ధైర్యం. ఒక్కడినే 275 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లి వస్తే, హైవే మైలేజీ లెక్కన, రానూపోనూ 72 కిలోల కార్బన్ డయాక్సైడ్. అది నా ఒంటి బరువు. మొత్తం లెక్క వేస్తే, పాత కారుతో ఏడాదికి 1,180 కిలోలు వదిలినవాడిని ఇప్పుడు 1,580 కిలోలు వదులుతున్నాను. ఈ పెరుగుదలకు బాధ్యత నాదే. దాన్ని మీ మీద వేయను. అయితే ఆ ధైర్యం నాకు ఇచ్చిన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాని మీద దేశం ఎలాంటి లెక్క కడుతోందో తెలుసుకోవాలని కూర్చుని చదివాను. చదివాక ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా, ఈ యంత్రం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. 1997లో జపాన్‌లో ప్రియస్ వచ్చినప్పటి నుంచి ఇంజనీర్లు దీన్ని చెక్కుతూనే ఉన్నారు. మామూలు కారులో బ్రేకు నొక్కితే బండి వేగమంతా వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో మోటారు జనరేటరుగా మారి అందులో కొంత భాగాన్ని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది. కదిలేటప్పుడు మోటారు ఒక చెయ్యి వేస్తుంది. ఆగుతూ, కదులుతూ పోయే ఊరి ట్రాఫిక్‌లో ఇది నిజంగా పెట్రోలు ఆదా చేస్తుంది. రోజుకు రెండు వందల కిలోమీటర్లు నగరంలోనే తిరిగే టాక్సీకి ఇంతకంటే మంచి పెట్రోలు బండి లేదని నా నమ్మకం.

ఆ చిన్న బ్యాటరీలోని ప్రతి చుక్క విద్యుత్తూ పెట్రోలు నుంచి పుట్టినదే. గోడకున్న ప్లగ్ నుంచి దానిలోకి ఏమీ రాదు. 'తనంతట తానే ఛార్జ్ అవుతుంది' అని షోరూములో చెబుతుంటే వినడానికి ఎంతో బాగుంటుంది. శక్తి ఊరకే పుట్టదని పిల్లలకు చెప్పే నేను కూడా ఆ మాటకు తలూపాను. నార్వేలో 2020లో వినియోగదారుల రక్షణ అధికారులు ఈ తరహా ప్రచారం తప్పుదారి పట్టించేదని తేల్చారు. హైవే ఎక్కాక బ్రేకు నొక్కే సందర్భాలే అరుదు. తిరిగి రాబట్టుకునేందుకు ఏమీ ఉండదు. వేగం గంటకు 80 నుంచి 110కి పెరిగితే గాలి అడ్డు దాదాపు రెట్టింపవుతుంది. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీ ముఖానికి ఆ గాలి మరింత తగులుతుంది. అక్కడ నా కారు బరువైన పెట్రోలు కారు, అంతకు మించి ఏమీ కాదు.

ఇక మీ నిబంధనల సంగతి. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2015లో కార్పొరేట్ యావరేజ్ ఫ్యూయల్ ఎఫిషియెన్సీ, అంటే కేఫ్ నిబంధనలు ప్రకటించి, 2017-18 నుంచి అమలు చేశారు. ఒక్కో కారుకు హద్దు పెట్టకుండా, ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటుకు హద్దు పెట్టారు. మొదటి దశలో కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు. హద్దు దాటితే 2022 సవరణ చట్టం ప్రకారం బండికి ఇంతని జరిమానా. ఇది మంచి పని. ఈ నిబంధనలే లేకపోతే మన కార్లు ఇప్పటికంటే ఎంతో ఎక్కువ తాగుతుండేవి. 2025 సెప్టెంబరులో మీరు ప్రజల ముందుంచిన మూడో దశ ముసాయిదాలో, 2027-28లో మొదలుపెట్టి 2031-32 దాకా ఏటా హద్దు బిగిస్తూ పోవాలని ప్రతిపాదించారు. దాన్నీ మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను.

నా అభ్యంతరమంతా తక్కెడలో మీరు వేస్తున్న రెండు దొంగ రాళ్ల మీద.

మొదటిది సూపర్ క్రెడిట్. ఒక కంపెనీ సగటు తీసేటప్పుడు స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను, అంటే నా కారులా మోటారుతోనే కొంత దూరం కదలగల బండిని, రెండు కార్లుగా, ప్లగ్‌తో ఛార్జ్ చేసే హైబ్రిడ్‌ను రెండున్నర కార్లుగా, పూర్తి విద్యుత్ కారును మూడు కార్లుగా లెక్కిస్తారు. దీని ఫలితం చూడండి. ఒక కంపెనీ వంద కార్లు అమ్మిందనుకుందాం. అందులో 70 మామూలు పెట్రోలు ఎస్‌యూవీలు, ఒక్కొక్కటి కిలోమీటరుకు 140 గ్రాములు. మిగతా 30 హైబ్రిడ్‌లు, ఒక్కొక్కటి 90 గ్రాములు. నిజమైన సగటు 125. ఒక్కో హైబ్రిడ్‌ను రెండుగా లెక్కపెడితే కాగితం మీద సగటు 117కు దిగుతుంది. లేని ముప్పై హైబ్రిడ్‌లు రోడ్డెక్కినట్టు రాసుకున్నాం. ఆ ఎనిమిది గ్రాములూ ఎక్కడికీ పోలేదు. అవి గాలిలోనే ఉన్నాయి, పుస్తకంలో మాత్రం లేవు. ఆ తేడాతో కంపెనీకి దొరికిన వెసులుబాటు మరిన్ని 140 గ్రాముల బండ్లు అమ్ముకోవడానికే పనికొస్తుంది. హైబ్రిడ్ కొన్నవాడు ఆదా చేసిన గ్రాములను పెట్రోలు ఎస్‌యూవీ కొన్నవాడికి ధారపోస్తున్నారన్నమాట.

పుట్టి పెరగని సాంకేతికతకు కొన్నాళ్లు చేయూత ఇవ్వడంలో తప్పు లేదు. విద్యుత్ కార్ల విషయంలో ఆ వాదన కొంతవరకు ఒప్పుకుంటాను. హైబ్రిడ్ ఆ వయసు దాటింది. ఇరవై ఐదేళ్లకు పైగా ప్రపంచమంతా తిరుగుతున్న యంత్రం అది. మన రోడ్ల మీద దానికి వెయిటింగ్ లిస్టులు ఉన్నాయి. ఇంకా ఎత్తుకుని నడిపించాల్సిన పసిబిడ్డ కాదు. హైబ్రిడ్ తక్కువ పెట్రోలు తాగితే ఆ తక్కువ అంకె సగటులో దానంతట అదే కనిపిస్తుంది. దానికి దక్కాల్సిన గౌరవం అదే, అంతే.

రెండో రాయి బరువు. మీ సూత్రంలో కంపెనీ అమ్మిన కార్ల సగటు బరువు పెరిగే కొద్దీ హద్దు కూడా సడలుతుంది. కిలోకు 0.002 చొప్పున, అంటే వంద కిలోల బరువుకు వంద కిలోమీటర్లకు 0.2 లీటర్ల అదనపు పెట్రోలు. గ్రాముల్లో చెబితే 4.7. సగటు బరువు 1,145 కిలోలున్న కంపెనీకి హద్దు 113 గ్రాములైతే, 1,345 కిలోలున్న కంపెనీకి దాదాపు 122 గ్రాములు. 2025 సెప్టెంబరు ముసాయిదాలోనూ, బరువుతో పాటు హద్దు సడలే ఈ వాలు ఇంతే ఉంది. చిన్న కార్లు చేసేవాడికి కత్తి మెడ మీద, పెద్ద కార్లు చేసేవాడికి కాస్త దూరంగా. పెద్ద కార్ల కంపెనీ ఎందుకు బరువు తగ్గించుకుంటుంది? తగ్గించిన ప్రతి కిలోకు హద్దు కూడా బిగుస్తుందాయె. ముసాయిదాలో 909 కిలోల లోపు కార్లకు మూడు గ్రాముల ఊరట ప్రతిపాదిస్తే దాని మీద కంపెనీలు రెండు వర్గాలై కొట్టుకున్నాయి. వాలే సరిగా ఉంటే ఆ ఊరట అవసరమే రాదు.

2024-25లో దేశంలో 43 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడైతే అందులో దాదాపు 28 లక్షలు యుటిలిటీ వాహనాలే. నూటికి 65. పదేళ్ల కిందట మా వీధిలో ఎస్‌యూవీ ఒక్కటే ఉండేది, ఎవరిదని అడిగితే అందరికీ తెలిసేది. ఇప్పుడు చిన్న కారు ఎవరిదో చెప్పగలను. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలోని ఎస్‌యూవీలన్నీ కలిసి వంద కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అవన్నీ కలిసి ఒక దేశమైతే ఉద్గారాల్లో ఐదో స్థానం దానిదే. ఒక మధ్యస్థాయి కారుతో పోలిస్తే ఎస్‌యూవీ రెండు మూడు వందల కిలోలు ఎక్కువ బరువుంటుందని, ఉద్గారాలు ఇరవై శాతం దాకా ఎక్కువని ఆ సంస్థే చెప్పింది.

ఇప్పుడు ఈ రెండు రాళ్లనూ ఒకే బండి మీద పెట్టి చూడండి. హైబ్రిడ్ ఎస్‌యూవీకి బరువు కారణంగా ఒక సడలింపు, హైబ్రిడ్ కారణంగా ఇంకో సడలింపు. మన దేశంలో అమ్ముడవుతున్న స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీలు, కుటుంబ వాహనాలు 1,250 నుంచి 1,650 కిలోల దాకా తూగుతాయి. తొమ్మిది వందల కిలోల మామూలు పెట్రోలు చిన్న కారు, ఏ హైబ్రిడ్ హంగూ లేకుండానే, మన పరీక్షల్లో లీటరుకు పాతిక దాకా ఇస్తోంది. రెండు మోటార్లు, బ్యాటరీ, కంప్యూటర్, లక్షల రూపాయల యంత్రాంగం పెట్టి మనం సాధించినది చాలావరకు ఆ ఎస్‌యూవీ బరువును మోయడానికే ఖర్చయిపోయింది. అదే యంత్రాన్ని చిన్న కారులో పెడితే ఏమవుతుందో జపాన్ చూపించింది. అక్కడ అమ్ముతున్న టొయోటా యారిస్ హైబ్రిడ్ సుమారు 1,050 కిలోల బండి. మన పరీక్ష కంటే కఠినమైన పరీక్షలో లీటరుకు 36 కిలోమీటర్లు ఇచ్చింది. అలాంటిది మన దేశంలో, పెట్రోలు ఖర్చుకు జనం ఇంతగా జంకే దేశంలో, చిన్న కారులో స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనుక్కుందామంటే దొరకదు. నిబంధనలు ఎటు వాలితే కంపెనీలు అటే ప్రవహిస్తాయి. ఈ విషయంలో వాటిని తప్పుపట్టను.

పరీక్ష గురించి కూడా కొంత చెప్పాలి. ఇప్పటి భారతీయ పరీక్షలో కారును రోలర్ల మీద నిలబెట్టి ఇరవై నిమిషాల పాటు నడుపుతారు. గరిష్ఠ వేగం గంటకు 90. సగటు వేగం ముప్పై చిల్లర. ఏసీ ఆపేసి ఉంటుంది. నెమ్మదిగా, ఆగుతూ సాగే ఈ వరస హైబ్రిడ్‌కు పుట్టిల్లు లాంటిది. నల్లగొండ జిల్లాలో మే నెల మధ్యాహ్నం, ఏసీ నిండుగా పెట్టుకుని, నాలుగు వరసల రోడ్డు మీద నలుగురితో, సామానుతో పోయే బండి ఆ పరీక్షలో ఎక్కడా లేదు. ఏ కారుకైనా పరీక్షకూ రోడ్డుకూ తేడా ఉంటుందని తెలుసు. హైబ్రిడ్‌లో ఆ తేడా ఎంతుందో మన దేశంలో అధికారికంగా ఎవరూ కొలవడం లేదు. నా బాధ అదే.

కొలిచిన చోట ఏం తేలిందో చూడండి. యూరప్‌లో 2021 నుంచి కొత్త కార్లలో పెట్రోలు ఎంత తాగిందో తనలో తాను రాసుకునే మీటరు తప్పనిసరి. ఆ మీటర్ల నుంచి సేకరించిన లెక్కలతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు ప్రయోగశాల అంకె కంటే సుమారు 20 శాతం ఎక్కువ వదులుతున్నాయి. ప్లగ్‌తో ఛార్జ్ చేసే హైబ్రిడ్‌లు ఏకంగా మూడున్నర రెట్లు. ఛార్జ్ చేసి విద్యుత్తుతో నడుపుతారన్న ఊహ మీద పరీక్ష నిలిచింది. జనం అనుకున్నంతగా ఛార్జ్ చేయలేదు, పెట్రోలుతో నడిపారు. అలాంటి కార్లు మన దగ్గర ఇప్పుడు ఖరీదైన కొద్ది మోడళ్లకే పరిమితం. ముసాయిదాలో మాత్రం వాటికి రెండున్నర రెట్ల గుర్తింపు సిద్ధంగా ఉంది. యూరప్ చేతులు కాల్చుకున్న చోటే మనమూ చెయ్యి పెట్టబోతున్నాం.

కొలవడానికి పరికరాలు లేవని అనడానికి వీల్లేదు. 2023 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-6 పొగ నిబంధనల రెండో దశ కింద కార్లకు పరికరం తగిలించి రోడ్డు మీద నడిపి విషవాయువులను కొలుస్తున్నాం. ఆ పరికరం కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కొలుస్తుంది, ఆ పరీక్ష లెక్కకే అది కావాలి. అంకె మన చేతిలోనే పుడుతోంది. కేఫ్ లెక్కలోకి మాత్రం రావడం లేదు. రవాణా శాఖ పని వేరు, మీ పని వేరు అని ఫైళ్లు చెప్పవచ్చు. సైలెన్సర్ ఒకటే.

మాట గురించి కూడా ఒక విన్నపం. మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆయన గత ఏడాది ఒక ఎస్‌యూవీ కొని, మనిద్దరిదీ హైబ్రిడేనండీ అన్నారు. ఆయనది మైల్డ్ హైబ్రిడ్. మామూలు జనరేటరు స్థానంలో కాస్త పెద్ద జనరేటరు, చిన్న బ్యాటరీ, అంతే. విద్యుత్తుతో ఒక్క అడుగు కూడా కదలదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో అందులో హైబ్రిడ్ అంత. ఆయన చదువుకున్నవారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకే తేడా తెలియనప్పుడు ఇంకెవరికి తెలుస్తుంది? ఫ్రిజ్ కొంటే, ఏసీ కొంటే తలుపు మీద మీ నక్షత్రాల చీటీ ఉంటుంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతుందో కూడా దాని మీదే ఉంటుంది. ఆ చీటీ చూసి కొనడం మా అమ్మకు కూడా వచ్చు, దేశానికి మీరు నేర్పిన గొప్ప అలవాటు అది. ముప్పై వేల ఫ్రిజ్‌కు ఉన్న మర్యాద ఇరవై లక్షల కారుకు ఎందుకు లేదు? కిలోమీటరుకు ఎన్ని గ్రాములో షోరూములో కారు అద్దం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. యూరప్‌లో 1999లోనే దానికి ఆదేశం వచ్చింది.

లేబుల్ సరిగా లేకపోతే నష్టం మీ శాఖతో ఆగదు. 2024 జూలైలో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వం స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు, ప్లగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. పది లక్షలు దాటిన కారుకు అక్కడ అప్పట్లో ఆ పన్ను పది శాతం. అంటే పద్దెనిమిది లక్షల ఎస్‌యూవీ కొన్న కుటుంబానికి లక్షా ఎనభై వేలు మిగిలాయి. ఆ మాఫీకి ఆధారం యంత్రం రకం. బండి ఎన్ని గ్రాములు వదులుతుందన్న ప్రశ్న అందులో లేదు. ఆ డబ్బు బస్సులకు వెళ్లి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బస్సులో నలభై మంది కూర్చుంటే తలకు కిలోమీటరుకు 13 గ్రాములే. నేను ఒంటరిగా కారులో పోతే 117. బస్సులు మీ పరిధిలోవి కావని తెలుసు, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

హైబ్రిడ్ పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటవేయను. మన కరెంటులో అధిక భాగం బొగ్గు నుంచే వస్తుంది కాబట్టి విద్యుత్ కారు కంటే హైబ్రిడ్ శుభ్రమైనదని కొందరు నిపుణులు, కంపెనీలు అంటున్నారు. నేను లెక్క వేసి చూశాను. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది. వంద కిలోమీటర్లకు 16 యూనిట్లు తీసుకునే విద్యుత్ ఎస్‌యూవీ కిలోమీటరుకు 112 గ్రాములకు కారణమవుతుంది. ఛార్జింగ్‌లో పోయేది అదనం. నా హైబ్రిడ్ 117, ముడిచమురు తవ్వి, శుద్ధి చేసి, బంకుకు చేర్చేటప్పుడు వెలువడేది అదనం. ఈ రోజుకు రెండూ ఇంచుమించు ఒకచోటే ఉన్నాయి. అంటే ఆ వాదనలో కొంత నిజముంది. అందుకే బరువైన విద్యుత్ ఎస్‌యూవీకి మీ లెక్కలో సున్నా వేసి, పైగా దాన్ని మూడు కార్లుగా రాయడం కూడా నాకు సమ్మతం కాదు. అయితే 2027లో అమ్మిన కారు 2042 దాకా తిరుగుతుంది. ఆ పదిహేనేళ్లలో గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు, పవన విద్యుత్తు పెరిగిన కొద్దీ విద్యుత్ కారు ఏటా శుభ్రపడుతుంది. అదే కారు, మరో బండి కొనకుండానే. హైబ్రిడ్ కొన్న రోజు ఎంత వదిలిందో చివరి రోజూ అంతే వదులుతుంది, పాతబడితే ఇంకాస్త ఎక్కువే. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నాం కదా అని ముసాయిదా దానికీ కొంత తగ్గింపు ఇస్తోంది. చెరకుకు, వరికి పట్టే నీళ్లు, ఎరువులు, ఆ వండే ఖర్చు తీసేశాక మిగిలే లాభం ఎంతో తేల్చకుండా ఆ తగ్గింపు ఇవ్వడం తొందరపాటని నా అభిప్రాయం.

మీరు కలం పట్టుకున్నప్పుడు నా కోరికలు ఇవని గుర్తుంచుకోండి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను ఒక్క కారుగానే లెక్కించండి. ప్లగ్ హైబ్రిడ్‌కు ఏ రాయితీ ఇచ్చినా, అది రోడ్డు మీద ఎంత విద్యుత్తుతో నడిచిందో చూశాకే ఇవ్వండి. విద్యుత్ కార్లకు ఇస్తున్న మూడు రెట్ల లెక్కకు ముగింపు తేదీ ఇప్పుడే రాయండి. బరువు వాలును ఏటా కొంచెం కొంచెంగా చదును చేయండి, ఒక్కసారిగా చేయలేమంటే అర్థం చేసుకుంటాను. కార్లలో ఇంధన మీటర్లు తప్పనిసరి చేసి, వాహన యజమాని వివరాలు బయటపడకుండా మోడల్ వారీగా ఆ సగటును ఏటా ప్రచురించండి. మైల్డ్ హైబ్రిడ్‌ను హైబ్రిడ్ అని అమ్మడాన్ని ఆపించండి. వీటిలో ఒక్కటే చేయగలమంటే మీటర్లు పెట్టించండి, ఎందుకంటే అంకెలు బయటికి వస్తే మిగతా వాటికి జనమే అడుగుతారు.

ఈ కారు అమ్మను. అమ్మితే ఇంకొకరు నడుపుతారు, గాలికి వచ్చే తేడా లేదు. విజయవాడకు మళ్లీ బస్సులో వెళ్తున్నాను. ఊళ్లో ఈ బండి పనికొచ్చే చోట, నలుగురం కలిసి వెళ్లేటప్పుడు, దీన్ని వాడుతున్నాను. గత నాలుగు నెలల్లో తిరిగింది 2,300 కిలోమీటర్లు, సగటు 21.8.

మూడేళ్ల నోటుపుస్తకం పుటల నకళ్లు ఈ లేఖకు జతచేస్తున్నాను. ప్రతి పుటలో తేదీ, పోయించిన లీటర్లు, మీటరు రీడింగు, ఏసీ వేశానా లేదా అన్నది ఉన్నాయి. చివరి రెండు పుటలు నా విద్యార్థులు వేసిన గ్రాఫులు. మీ అధికారులు ఎవరైనా వాటిని సరిచూసి, ఎక్కడైనా తప్పు ఉంటే రాస్తే తరగతిలో వాళ్ల ముందే దిద్దుకుంటాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హైదరాబాద్